ఇందులో పాత్ర పాత్ర ఎంత?

మా ఇంట్లో డిష్‌వాషర్ కొన్న రెండేళ్ళకి గాజు గ్లాసులన్నీ మసకబారిపోయాయి. పొద్దున్నే మంచు పట్టిన బస్సు అద్దంలాగా. ఇంట్లో అందరికీ కారణం ముందే తెలుసు: బోరు నీళ్ళు. మా అమ్మ ఫోన్లోనే వైద్యం చెప్పింది, "నిమ్మచెక్కతో రుద్దరా, సున్నం పోతుంది" అని. రుద్దాను. తర్వాత రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాను. రెండు గ్లాసులు మిలమిలలాడాయి, నాలుగు అలాగే ఉన్నాయి. ఆ నాలిగింటి మీద గోరుతో గీరాను. ఊడి రావడానికి పైన ఏమీ లేదు. గాజే గరుకుగా ఉంది.

అంటే ఆ మసక నీళ్ళు తెచ్చి పెట్టింది కాదు. గాజులోంచి నీళ్ళు పట్టుకుపోయినదాని గుర్తు. వేడి నీళ్ళు, సబ్బులోని క్షారం కలిసి రోజూ కొంచెం కొంచెంగా గాజుని కరిగించేశాయి.

నీళ్ళలో గాజు కరుగుతుందా? ఇంజనీరింగ్ చదివాను, కెమిస్ట్రీ ల్యాబులో బీకర్లు పగలగొట్టి ఫైన్లు కట్టాను, అయినా ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. గాజంటే దేన్నీ పట్టించుకోనిది, లోపల ఏం పోసినా తనకేం సంబంధం లేనట్టు నిలబడేది అనే నమ్మకం అంత గట్టిది. కాస్త చదివాక తెలిసింది, ఇందులో నేను ఒంటరివాణ్ణి కాదని. నూరేళ్ళకి పైగా యూరప్‌లోని మహామహులు ఇదే నమ్మకంలో పడి, నీటి మీద ఒక పెద్ద అపోహని మోశారు. నీళ్ళు మట్టిగా మారతాయని.

*

ఆ అపోహ మూర్ఖత్వం కాదు, దాని వెనక ప్రయోగాలున్నాయి. అప్పటికి యూరప్‌లో మూలపదార్థాలు నాలుగు: భూమి, నీరు, గాలి, నిప్పు. మన పంచభూతాల్లోంచి ఆకాశం తీసేసినట్టు. ఒకటి ఇంకోదానిగా మారవచ్చన్నది అరిస్టాటిల్ కాలం నుంచీ ఉన్న మాట. పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ వైద్యుడు దాన్ని తూకం వేసి చూపించాడు. 200 పౌన్ల ఎండిన మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్ళు కేవలం నీళ్ళు పోశాడు. చెట్టు 169 పౌన్లకి పెరిగింది. మట్టి తగ్గింది రెండు ఔన్సులు. మరి ఆ బరువంతా ఎక్కణ్ణించి వచ్చింది? నీళ్ళ నుంచే అన్నాడు. గాలి నుంచి చెట్టు ఏదైనా తీసుకుంటుందని ఊహించడానికి అప్పటికింకా దారి లేదు. ఆయన పోయాక, 1648లో ఈ ప్రయోగం అచ్చయింది.

తర్వాత రాబర్ట్ బాయిల్. మనం స్కూల్లో బాయిల్ నియమం చదువుకున్నామే, ఆయనే. 1666లో రాసిన పుస్తకంలో, నీటిని మళ్ళీ మళ్ళీ, ఇంచుమించు రెండు వందల సార్లు, బట్టీ పట్టిన మనిషి గురించి చెప్పాడు. ప్రతిసారీ పాత్ర అడుగున తెల్లటి పొడి మిగిలేదట. ఎంత శుద్ధి చేసినా నీళ్ళలోంచి ఇంకా మట్టి వస్తూనే ఉంది! న్యూటన్ తన 'ఆప్టిక్స్'లో పదార్థాలు ఒకదాన్నుంచి ఒకటిగా మారడానికి ఉదాహరణగా బాయిల్ పేరు చెప్పి మరీ ఈ సంగతి ఎత్తుకున్నాడు. న్యూటన్ ఎత్తుకున్నాక ఇంక దానికి తిరుగేముంది?

గాజు మీద ఎవరికీ అనుమానమే రాలేదని చెప్పలేం. అనుమానాలు అక్కడక్కడా ఉన్నాయి. కానీ అనుమానం వేరు, ఖాళీ పాత్రని ముందొకసారి, తర్వాతొకసారి తూచి తేల్చడం వేరు.

*

ఆ పని చేసినవాడు పాతికేళ్ళ కుర్రాడు. పేరు ఆంత్వాన్ లావోయిజర్. 1768లోనే ఫ్రెంచి సైన్స్ అకాడమీలో అడుగుపెట్టాడు. అప్పట్లో అతని ఆసక్తి నీళ్ళు: వేర్వేరు ఊళ్ళ నీళ్ళలో ఏమేం కరిగి ఉన్నాయి, వాటిని ఎలా కొలవాలి అని. నీళ్ళే మట్టిగా మారుతున్న పక్షంలో ఈ కొలతలకి అర్థం లేదు. కాబట్టి ముందు ఆ గొడవ తేలాలి.

అతను వాడిన పాత్ర పేరు పెలికాన్. మన నేలపట్టుకీ కొల్లేరుకీ వచ్చే గూడబాతు పేరే. రసవాదుల కాలం నాటి సీసా అది. కింద బానలాంటి కడుపు, పైన తల, ఆ తల నుంచి రెండు గొట్టాలు వంగి మళ్ళీ కడుపులోకే దిగుతాయి. ముక్కుతో తన రొమ్ము తనే పొడుచుకుంటున్న పక్షిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. కింద వేడి చేస్తే నీరు ఆవిరై పైకెళ్ళి, చల్లారి, గొట్టాల గుండా మళ్ళీ కిందికి చేరుతుంది. మూత బిగించాక లోపలికి వచ్చేది లేదు, బయటికి పోయేది లేదు. అవే నీళ్ళు రోజుల తరబడి తిరుగుతూనే ఉంటాయి.

లావోయిజర్ వాన నీటిని పదేపదే బట్టీ పట్టి శుద్ధి చేశాడు. ఖాళీ పెలికాన్‌ని తూచాడు. నీళ్ళు పోసి తూచాడు. 1768 అక్టోబర్ 24న దాని కింద దీపం పెట్టాడు. వారాలు గడిచినా ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత ఎప్పుడో నీళ్ళలో సన్నటి రేకుల్లాంటివి తేలడం మొదలైంది. 1769 ఫిబ్రవరి 1న దీపం ఆర్పాడు. మొత్తం 101 రోజులు.

ఇప్పుడు తూకాలు. మొదటిది: మూత తీయకుండా మొత్తంగా తూచాడు. బరువు మారలేదు. అంటే నిప్పులోంచి ఏదో సూక్ష్మపదార్థం గాజుని దాటుకుని లోపలికి వచ్చిందన్న వాదం పోయింది. రెండోది: నీళ్ళు ఒంపేసి, పాత్రని ఆరబెట్టి తూచాడు. పెలికాన్ 17.4 గ్రెయిన్లు తగ్గింది. గ్రెయిన్ అంటే సుమారు 53 మిల్లీగ్రాములు కాబట్టి, మొత్తం ఒక గ్రాము కంటే కాస్త తక్కువ. ఆ మట్టి నీళ్ళది కాదు. పాత్రది.

ఈ కథ సామాన్యంగా ఇక్కడితో ఆపేసి చప్పట్లు కొడతారు. నాకు నచ్చింది ఆ తర్వాతి లెక్క. నీళ్ళలో తేలిన రేకులు 4.9 గ్రెయిన్లు. ఆ నీటిని ఆవిరి చేస్తే మిగిలింది 15.5. కలిపితే 20.4. పాత్ర పోగొట్టుకున్నదేమో 17.4. మూడు గ్రెయిన్లు ఎక్కువ! మన యూనిట్ టెస్ట్ అయితే ఎర్రగా ఫెయిలయ్యేది. లావోయిజర్ ఆ మూడింటినీ దాచలేదు. నీళ్ళు మార్చడానికీ ఆవిరి చేయడానికీ వాడిన మిగతా పాత్రల నుంచి కూడా అలాగే కొంత కరిగి ఉంటుందని వివరణ ఇచ్చాడు. నిజంగా అలాగే అయి ఉండవచ్చు. కాకపోతే, పాత్ర కరుగుతుందని నిరూపించే ప్రయోగం చివరి అంకంలో మళ్ళీ పాత్రల్నే నమ్మాల్సి రావడంలో ఒక తమాషా ఉంది. తప్పించుకునే దారి లేదు. దేన్ని కొలవాలన్నా ఏదో ఒక గిన్నెలో పోయాల్సిందే.

లావోయిజర్ చేయని పని ఇంకొకటి ఉంది. ఆ పొడి గాజుదే అని బరువుల్ని బట్టి చెప్పాడు గానీ, అందులో ఏముందో పూర్తిగా విప్పి చూడలేదు. అది చేసినవాడు స్వీడన్‌లోని మందుల తయారీదారు కార్ల్ షీలె. అతను ఒక గాజు సీసాలో శుద్ధమైన నీటిని పన్నెండు పగళ్ళు, పన్నెండు రాత్రులు మరిగించాడు. నీరు పాలలా తెల్లబడింది. పొడిని పరీక్షిస్తే ఇసుకలో ఉండే సిలికా, నీటిని పరీక్షిస్తే క్షారం. రెండూ గాజు తయారీలో వాడేవే. సీసా లోపలి వైపు నీళ్ళు ఎంత ఎత్తు వరకు నిలిచాయో అంత వరకే నునుపు పోయిందని కూడా గమనించాడు. ఒకరు తూచి పట్టుకున్నారు, ఇంకొకరు విప్పి పట్టుకున్నారు. జవాబు ఒక్కటే.

*

ఇంతకీ లోపల జరిగేదేమిటి?

గాజుకి ప్రాణం ఇసుక, అంటే సిలికా. కానీ ఇసుకని కరిగించాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. పాతకాలం కొలుములకి అది అయ్యే పని కాదు. అందుకని సోడానో, కట్టెల బూడిదలోంచి వచ్చే పొటాష్‌నో కలుపుతారు. అది సిలికా అల్లికని అక్కడక్కడా తెంచి, తక్కువ వేడికే కరిగేలా చేస్తుంది. మంచి ఉపాయమే గానీ మోతాదు మించితే ప్రమాదం. సోడా, ఇసుక మాత్రమే కలిపి చేసిన గాజు నీళ్ళలో కరిగిపోతుంది. 'వాటర్ గ్లాస్' అన్న పేరుతో దాన్ని ద్రవంగానే అమ్ముతారు. ఈ కరుగుడుకి పగ్గం వేసేది మూడో సరుకు: సున్నం. మన కిటికీ అద్దాలూ గ్లాసులూ ఈ మూడింటి మధ్య ఒప్పందాలే.

నీళ్ళు తగిలినప్పుడు ముందు బయటికొచ్చేది సోడియం. దాని స్థానంలోకి నీటిలోని హైడ్రోజన్ చేరుతుంది. గాజు పైపొర నీళ్ళు పీల్చుకున్న సిలికాగా మిగిలిపోతుంది. అక్కడితో ఆగితే నష్టం తక్కువే. కానీ బయటికొచ్చిన సోడియం వల్ల నీళ్ళు క్షారంగా మారతాయి. క్షారం బాగా పెరిగాక (పీహెచ్ 9 దాటాక అనుకోండి) అది సిలికా అల్లికనే తెంచడం మొదలుపెడుతుంది. గాజులోంచి వచ్చినదే గాజుని తింటుంది.

అందుకే మన ఊహకి తలకిందులైన సంగతి ఒకటి జరుగుతుంది. పారే నీళ్ళ కంటే నిలిచిన తడి ఇలాంటి గాజుకి ఎక్కువ చేటు. ధారగా పోయే నీరు క్షారాన్ని ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. గోడౌన్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన అద్దాల మధ్య చేరిన పల్చటి చెమ్మకి ఆ దారి లేదు. అక్కడ క్షారం చిక్కబడుతుంది, అద్దాలు మచ్చలు పడతాయి. అవే నీళ్ళని 101 రోజులు వేడిగా తిప్పిన లావోయిజర్ పెలికాన్, ఇప్పటి లెక్కలో చూస్తే, గాజుని కరిగించడానికి కావాలని తయారు చేసిన యంత్రంలా ఉంటుంది.

*

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకొకటి. ఈ సంగతి తెలిసినవాళ్ళు లావోయిజర్‌కి ముందే ఉన్నారు. వాళ్ళు తత్వవేత్తలు కాదు. గాజు కొలుముల పనివాళ్ళు, గాజు సామాను అమ్ముకునే వర్తకులు.

పదిహేనో శతాబ్దంలో వెనిస్ పక్కన మురానో ద్వీపంలో గాజు పనివాళ్ళు స్ఫటికంలాంటి గాజుని సాధించారు. పేరు క్రిస్టల్లో. దాని రహస్యం శుద్ధి. మొక్కల బూడిదని నీళ్ళలో కలిపి, వడగట్టి, మరగబెట్టి తేట ఉప్పు తీసేవాళ్ళు. గాజుకి రంగు తెచ్చే మలినాలు పోయేవి. వాటితోపాటే సున్నమూ పోయేది. గాజుని కాపాడేదాన్నే మలినం అనుకుని పారబోశారన్నమాట. ఆ అందమైన పాత్రల్లో కొన్ని ఈ రోజు మ్యూజియంలలో చెమటలు పడుతున్నాయి. గాజులోంచి వచ్చిన లవణాలు గాల్లో తడిని లాక్కుని బొట్లు బొట్లుగా నిలుస్తాయి. గాలి మరీ పొడిగా ఉంటే, నీళ్ళు పీల్చుకున్న పైపొర ఎండి సన్నటి పగుళ్ళ వల అల్లుకుంటుంది. అందుకే ఇలాంటి వాటిని గాలిలో తేమ 40 శాతానికి కాస్త అటూ ఇటూ ఉండేలా చూసే అద్దాల పెట్టెల్లో పెడతారు. చెప్పాలంటే, గాజుకి ఐసీయూ.

లండన్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో స్ఫటికంలాంటి కొత్త గాజుకి పేటెంట్ తీసుకున్నాడు. కొద్ది కాలానికే గ్లాసుల్లో పగుళ్ళ వల మొదలైంది. కొన్నవాళ్ళు ఊరుకుంటారా? అతను దినుసుల పాళ్ళు మార్చి, సీసపు ఆక్సైడ్ కలిపి, 1676లో లోపం పోయిందని ప్రకటన ఇప్పించుకున్నాడు. తన కొత్త గ్లాసుల మీద కాకి తల ముద్ర వేశాడు, రావెన్ అంటే మాలకాకి కాబట్టి. కొత్త వర్షన్ కొనండి, బగ్ ఫిక్స్ అయింది అన్నట్టు. రావెన్స్‌క్రాఫ్ట్ గాజు కొలిమి ఉన్న సెవాయ్ నుంచి, బాయిల్ ఉంటున్న పాల్ మాల్ వీధికి నడిచి వెళ్ళవచ్చు. ఒక చోట గాజు తేమకి చెడిపోతోందని గగ్గోలు. నడక దూరంలో, నీళ్ళు మట్టిగా మారతాయన్న పుస్తకం రాసిన పెద్దమనిషి. రాయల్ సొసైటీకే చెందిన రాబర్ట్ ప్లాట్ ఈ పగుళ్ళ గురించి, వాటికి కారణం ఎక్కువైన లవణాలేనని 1677 నాటికే అచ్చులో రాశాడు కూడా. అయినా ఆ తెలివి ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి ఇంకో తొంభై ఏళ్ళు పట్టింది.

ఎందుకని? నాకు తోచింది ఇది. వర్తకుడికి గాజు సరుకు, కాబట్టి అతను గాజుని చూశాడు. తత్వవేత్తకి గాజు కిటికీ, కాబట్టి అతను దాని గుండా చూశాడు. దేని గుండా చూస్తున్నామో అది కనిపించడం మానేస్తుంది.

*

కరిగిన గాజుని అందంగా చూసినవాళ్ళూ ఉన్నారు. రోమన్ల కాలంలో మట్టిలో పడిన గాజు పాత్రలు తవ్వకాల్లో బయటపడితే నెమలి కంఠంలా రంగులు మారుతూ మెరుస్తాయి. అది రోమన్ పనివాడి ప్రతిభ కాదు. వందల ఏళ్ళ తడికి పైపొర రేకులు రేకులుగా విడిపోయి, ఆ పల్చటి పొరల మధ్య వెలుగు ఆడుకోవడం వల్ల వచ్చిన రంగు. నీళ్ళ మీద నూనె చుక్క మెరిసినట్టే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో టిఫానీ అనే కళాకారుడు ఈ మెరుపుని మెచ్చి, కొత్త గాజుకే ఆ రంగు తెప్పించాడు. జబ్బుని అలంకారంగా చేసుకోవడమన్నమాట.

1961లో ఇద్దరు పరిశోధకులు ఇంకో ఆశ పెట్టారు. చెట్టు మాను వలయాల్లాగా ఈ పొరల్ని లెక్కపెడితే పాత్ర ఎన్నేళ్ళు మట్టిలోనో నీళ్ళలోనో ఉందో తెలుస్తుందేమో అని. ఆ ఆశ నిలవలేదు. పొరకీ ఏడాదికీ ముడి లేదని తేలింది. గాజు నీళ్ళని గుర్తుపెట్టుకుంటుంది గానీ క్యాలెండర్ పెట్టుకోదు.

*

ఇదంతా పాత సామాన్ల ముచ్చట అనుకోడానికి లేదు. అణు ఇంధనాన్ని శుద్ధి చేశాక మిగిలే, అన్నిటికన్నా ప్రమాదకరమైన వ్యర్థాన్ని దాచడానికి మనిషి ఎంచుకున్న పదార్థం గాజే. వ్యర్థాన్ని బోరోసిలికేట్ గాజుతో కలిపి కరిగించి, ఉక్కు డబ్బాల్లో పోసి గడ్డకట్టిస్తారు. ఫ్రాన్స్‌లో మార్కూల్ దగ్గర 1978లో ఈ పని పెద్ద ఎత్తున మొదలైంది. మన దేశంలో తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో ఇలాంటి కర్మాగారాలున్నాయి. ఇక్కడ గాజు పాత్ర కూడా కాదు. వ్యర్థం దాని అణువుల అల్లికలోనే బందీ. ఆ డబ్బాల్ని భూమి లోతుల్లో పాతిపెట్టాలన్నది చివరి ఆలోచన. అక్కడికి ఎప్పటికైనా నీళ్ళు చేరతాయి. అప్పుడు వేల ఏళ్ళ పాటు గాజు ఎంత వేగంతో కరుగుతుంది?

వేల ఏళ్ళ ప్రయోగం ల్యాబులో చేయలేం. లావోయిజర్ 101 రోజులు ఓపిక పట్టాడు, మన ప్రాజెక్టులకి అంత గడువు కూడా ఇవ్వరు. అందుకే పరిశోధకులు ఇప్పటికే జరిగిపోయిన ప్రయోగాల కోసం వెతికారు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఎంబియే ద్వీపాల దగ్గర సుమారు 1800 ఏళ్ళ క్రితం ఒక రోమన్ ఓడ మునిగిపోయింది. దానిలోని సరుకు ముడి గాజు ముద్దలు. కరిగించి పోశాక చల్లారేటప్పుడు అణు వ్యర్థపు గాజు దిమ్మలు ఎలా పగుళ్ళిస్తాయో, ఈ ముద్దలూ అలాగే పగుళ్ళిచ్చి ఉన్నాయి.

ముద్దల్ని కోసి చూస్తే బయటి వైపు, సముద్రపు నీరు ఎప్పుడూ మారుతూ తగిలిన చోట, గాజు ఎక్కువ చెడింది. లోపలి సన్నటి పగుళ్ళలో మాత్రం భయపడినంత చెడలేదు. అక్కడ కరిగిన పదార్థమే పేరుకుని పగుళ్ళని పూడ్చేసింది. నీళ్ళు లోపలికి పోయే దారి మూసుకుపోయింది. అద్దాల మధ్య నిలిచిన చెమ్మ విషయంలో చెప్పినదానికి ఇది తలకిందులుగా ఉందే అని మీకు అనిపించాలి. అవును. నిలిచిన నీళ్ళలో పోగయ్యేది క్షారమైతే గాజుని తింటుంది, కరిగిన సిలికా అయితే ఇంకా కరగకుండా అడ్డుపడుతుంది. ఏది గెలుస్తుందన్నది ఆ గాజులో ఏముంది, చుట్టూ ఉన్న నీళ్ళలో ఏముంది అన్నదాని మీద ఉంటుంది. 'గాజు కరగదు' అన్నది ఎంత తొందరపాటో, 'గాజు కరిగిపోతుంది' అని ఒక్క మాటలో తేల్చడమూ అంతే.

*

తెలుగులో పాత్ర అంటే గిన్నె. కథలో మనిషి. ఒక పనిలో వాటా. ఈ మూడు అర్థాలూ ఒకే మాటలో ఎలా ఇమిడాయో నిఘంటువు చూసి చెప్పగలను గానీ, పెలికాన్ గురించి చదివాక ఆ అవసరం కనిపించలేదు. నూరేళ్ళ పాటు అందరూ కథానాయకుడు నీరే అనుకున్నారు. వేదిక మీద ఇంకో పాత్ర ఉందని, అది నిశ్శబ్దంగా తన వాటా తను ఇస్తోందని తూచి చూసేదాకా తేలలేదు.

రోజూ నేను చేసే పనిలో కూడా తప్పు డేటాదే అని వారాలు వెతికి, చివరికి కొలిచే సాధనమే డేటాని మారుస్తోందని కనుక్కున్న సందర్భాలున్నాయి. పుస్తకాల గురించి రాసేటప్పుడూ అంతే. వస్తువు గురించి పేజీలు నింపుతాం, అది పోసిన రూపం దానిలోకి ఎంత కరిగిందో తూచం. తూచాలంటే ఖాళీగా ఉన్నప్పుడే ఒకసారి తూచి పెట్టుకోవాలి. లావోయిజర్ గొప్పతనం 101వ రోజున లేదు. దీపం వెలిగించకముందు, ఖాళీ పెలికాన్‌ని తక్కెడలో పెట్టిన రోజున ఉంది.

మసకబారిన ఆ నాలుగు గ్లాసుల్నీ మళ్ళీ మెరిపించడం కుదరదు. పోయినది డ్రైనేజీలో పోయింది. పారేయబుద్ధి కాక వాటిలోనే మజ్జిగ తాగుతున్నాం. అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు, తప్పు బోరు నీళ్ళ ఒక్కటిదే కాదని.